నా తోలు ముక్కా, మిగతా ఆస్తీ

ఆదిలాబాద్ జిల్లా, లక్సెట్టిపేట మండలం, గోదావరి ఒడ్డు పల్లెలో ఉండే ముత్తె ఓదెలు, తండ్రి నంబయ్య, పత్తి వ్యవసాయం, వయసు ఎవరూ రాసిపెట్టలేదు గానీ ఎనభై దాటింది, అట్టి నేను రాయించిన వీలునామా. నా హోషు, నా తెలివి నా దగ్గరే ఉన్నాయి. ఎవరూ నన్ను బెదిరించలేదు. బెదిరించేంత మొగోడు మా ఊళ్లో లేడు. నాకు నా పేరు రాయడం మట్టుకే వచ్చు. మాటలు నావి, అక్షరాలు దస్తావేజులు రాసే సాంబయ్యవి. అతను మాటలను అందంగా మార్చబోయిన చోటల్లా ఆపి, మళ్లీ చదివించుకుని విన్నాను.

1. వాగు దిక్కు నల్లరేగడి నా పెద్దకొడుకు రాయమల్లుకు చెందాలి. బాయి కింది పొలం చిన్నకొడుకు హనుమండ్లుకు చెందాలి. హనుమండ్లు మస్కట్‌లో ఉన్నాడు గనుక వచ్చేదాకా రాయమల్లు దున్నుకోవచ్చు. తమ్ముడు వచ్చిన నాడు గట్టు మీద నిలబడి కథలు చెప్పకుండా దిగిపోవాలి.

2. నా బిడ్డ యాదవ్వకు వాళ్ల అవ్వ, అంటే కాలం చేసిన నా భార్య భూమవ్వ, వెండి కడియాలు, బొంత. ఆమె కట్టిన చీరలన్నీ ఆ బొంతలో ఉన్నాయి. ఉతకవద్దని చెప్పను. ఆకుపచ్చ ముక్క దగ్గర మాత్రం బండ మీద గట్టిగా బాదవద్దు. ఆ చీర కట్టుకుని ఆమె కాపురానికి వచ్చిన ఏడాది పత్తి మోకాళ్లకు తగిలేంత విరగకాసింది.

3. పక్కింటి రామచంద్రానికి నా గొడుగు. అది ఎట్లాగూ అతని ఇంట్లోనే ఉంది. అడిగిన వానకల్లా రేపు తెస్తానన్నాడు. ఇక తేనక్కర లేదు. దాని కింద పోయేటప్పుడు నన్ను తలుచుకోవాలి, అదే శిక్ష.

4. హనుమండ్లు కూతురు అనసూర్యకు నా ఎడమ చేతి తోలులోంచి పెసరగింజంత ముక్క. నా పానం పోయాక, ఒంటికి స్నానం పోయకముందే తీసుకోవాలి. ఎవరూ అడ్డం రాకూడదు.

దీనికి కారణం రాయించాలి, లేకపోతే ముసలోనికి మతి పోయిందంటారు. అనసూర్య హైదరాబాదులో జీవశాస్త్రం చదువుతుంది. ఒంట్లోని కణం ముసలిదైతే లోపలి కేంద్రకం ఎట్లా మారుతుందన్నది ఆమె పని. మొన్న దసరాకు భూతద్దం యంత్రం పట్టుకొచ్చింది. నా బుగ్గ లోపల పుల్లతో గీకి, ఊదా రంగు వేసి చూపించింది. నేను పత్తిని ఎరిగినవాణ్ణి. చూడగానే తెలిసింది, దూది నడుమ గింజ ఉన్నట్టే ఉంది. యాదవ్వ మనుమరాలు ఇంకా పాలు తాగే పిల్ల. దాని గింజ కూడా చూపించింది. అది గుండ్రంగా, బిగువుగా, చిన్న చుక్క. నాది కాస్త ఉబ్బింది, అంచు నొక్కులు పడింది.

గింజ లోపల దారాలుంటాయట. ఒంటికి కావలసిన మాటలన్నీ వాటి మీదే ఉంటాయట. తోలుకు తోలు మాటలు చాలు గనుక మిగతా మాటలను బిగించి చుట్టి అంచుకు కట్టేసి ఉంచుతుందట. వయసు మీద పడ్డకొద్దీ అంచు వదులైపోయి కట్లు విడిపోతాయట. ఊరుకున్న మాటలు లేచి మాట్లాడబోతాయట.

అది విన్నప్పటినుంచి నాకు ఒకటే కల. ఆదిలాబాద్ జిన్నింగు మిల్లులో ఉన్నట్టే ఉంటుంది, కానీ గోడలు గుండ్రంగా ఉంటాయి, మెత్తగా ఊగుతుంటాయి. తలుపు లేదు. గోడ పొడుగునా కట్టిన దారపు చుట్టలు ఒక్కొక్కటే విడిపోయి, దూది పొగ లాగా గాలిలో తేలుతాయి. ఒక దారం నా చెవిని తాకితే మా అవ్వ వడ్లు దంచుతూ పాడిన పాట వినిపిస్తుంది. ఇంకొకటి తాకితే చచ్చిపోయిన మా బర్రె పేరు గుర్తొస్తుంది. నడుమ భూమవ్వ కూర్చుని దారాలను చేతికి చుట్టుకుంటూ ఉంటుంది. "ఏం పరేషాన్ గాకు, అన్ని ఒక్కపారి ముడేసుడు నాతోటి గాదు" అంటుంది. తెల్లారితే నా అరచేతులు వెచ్చగా ఉంటాయి. మతిమరుపని మీరు నవ్వే నా మాటల్లో సగం ఆ విడిన దారాలవే అనుకోండి.

సీసాలో పెంచి చూడటానికి నాలాంటి ముసలివాళ్ల తోలు అనసూర్యకు కావాలి. చుట్టుపక్కల ఎవరూ ఇవ్వలేదు. అందుకని నాది రాసిచ్చాను.

నిన్న ఇక్కడిదాకా రాయించేటప్పటికి పక్కనే కూర్చున్న రాయమల్లు లేచాడు. "బాపూ, గా ముక్క సీసల బతికే ఉంటదట. నువ్వు గాడ బతికుంటె మేం ఈడ గుండు ఎట్ల కొట్టించుకోవాలె? పిట్టకు పెడితె పిట్ట ముడుతదా?" అన్నాడు. సెలవుకు వచ్చి ఉన్న అనసూర్య "పెద్దబాపూ, అది తాత గాదు, తాత తోలు" అన్నది. "తోలు లేకుంట తాత ఎట్లైతడే?" అని వాడు అరిచాడు. అరుస్తూనే కళ్లు తుడుచుకున్నాడు. నేను సగం ఇక్కడ, సగం అక్కడ దిక్కులేక తిరుగుతానని వాడి భయం.

సాంబయ్య కలం ఆపి, కొట్టేయాలా అని అడిగాడు. ఒక్క అక్షరం కొట్టేయవద్దన్నాను. కానీ రాత్రంతా ఆలోచించాను. నేను పోయినాక ముక్క తీయబోతే ఆ గడపలోనే పెద్దబాపూ, పిల్లా కొట్లాడుకుంటారు. అది నాకు పనికిరాదు.

5. కనుక నాలుగో షరతు ఇక చెల్లదు. ఈ పొద్దున్నే లక్సెట్టిపేట వెళ్లి, డాక్టరు ముందు చెయ్యి చాపి, బతికుండగానే ఇచ్చేశాను. నా చేతి తోలుకు నేనే మాలికుని, కొడుకు సంతకం అక్కర లేదు. రాయమల్లు రానని మొండికేసి, వెనక బస్సులో వచ్చాడు. సూది వేసేటప్పుడు నా భుజం పట్టుకుని "జర చిన్నగ కోయుండ్రి సారూ" అన్నాడు. ముక్కను గులాబీ రంగు నీళ్ల సీసాలో వేసి, మంచుగడ్డల డబ్బాలో పెట్టారు. వాడు చాలాసేపు ఆ డబ్బానే చూశాడు. "బిడ్డా, గా సీసల మా బాపుకు చలి పెడతదా?" అని అడిగాడు. "తొవ్వలనే సల్లగ పెద్దబాపూ. గాడికి పోయినంక ఒంటి వేడిలనే పెడ్తం" అన్నది అనసూర్య. మంచిర్యాల స్టేషనుదాకా ఆ డబ్బాను వాడే ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు.

6. నా ఒంట్లో ఊపిరి ఆగిన నాడే నా చావు. గుండు, స్నానం, పిట్టకు పెట్టడం అన్నీ ఆ లెక్కనే జరగాలి. సీసాలోది కొన్నాళ్లు పెరుగుతుందట, ఒకటి రెండవుతుందట, దాని గింజలు కూడా నాలాగే ముడతలు పడతాయట, తర్వాత పెరగడం మానేస్తుందట. అది ఆగిందని అనసూర్య మా ఇంటికి కబురు పెట్టకూడదు. తెలిస్తే రాయమల్లు మళ్లీ తలమీద నీళ్లు పోసుకుంటాడు. వాడికి చన్నీళ్లు పడవు, దగ్గు వస్తుంది.

ఇది చదివించుకుని, విని, సరేనని నా చేత్తో పేరు రాశాను. కట్టు ఎడమ చేతికి గనుక అక్షరాలు వంకరపోవడానికి దాని తప్పు లేదు.

1992 నవంబరు 19, గురువారం

(సంతకం) ముత్తె ఓదెలు

సాక్షులు:
కొండల్‌రావు, మా ఊరి పాత పట్వారీ
ఐలవ్వ, మంత్రసాని (వేలిముద్ర)

రాసినవాడు: సాంబయ్య, దస్తావేజు లేఖరి, లక్సెట్టిపేట