ఆడబిడ్డ సంతకం

అమ్మీ, సలాం. ఒంట్లో బాగానే ఉంది, ఓపికే లేదు.

ఆర్మూరులో నేను కొనే ఇంటికి వకీలు ఎందుకని దస్తావేజు రాసే ఆయన కసురుకున్నాడు. "ఇరవై ఏండ్ల సంది నేనే రాస్తున్న" అన్నాడు. మనసొప్పక వకీలుకు చూపించాను. "అమ్మేటోనికి చెల్లెండ్లు ఉన్నరా?" అని ఆయన ఒక్కటే అడిగాడు. ఒకామె ఉంది. తండ్రి ఇంట్లో ఆమెకూ వాటా ఉంది, కాగితాల్లో ఆమె సంతకం మాత్రం లేదు. "నాకేమొద్దని పండుగనాడు నోటితోని చెప్పింది గదా" అంటాడు అమ్మేవాడు. రిజిస్ట్రేషన్ ఆగింది.

నా పాత దుప్పటి పంపు. మేక కాలు నయమైందా?

అబ్బా పోయాక మన ధర్పల్లి ఇల్లు నా పేరున రాయించినప్పుడు, నీ బిడ్డ షాహజాది ఆపాను ఎవరైనా అడిగామా? నేనైతే అడగలేదు. ఈ కార్డు పక్కింటివాళ్లతో వద్దు, ఆపాను పిలిపించి ఆమెతోనే చదివించుకో.

మీ ఇద్దరి దువా కోరే
ఇజాజ్