‘ఒంటరిగా’ అన్న మాటకు నా వ్యాఖ్యానం

జూన్ 3, సోమవారం. ఉదయం 5.40

తీర్మానం! నలభై ఏడేళ్లు వచ్చాయి. దేహమనే ఈ గుడారం నడుము దగ్గర జారిపోతోంది. నెల తిరిగేలోగా బెంచి మీద పడుకుని ఎనభై కిలోల బార్ ఎత్తుతాను. క్షేమంగా ఎత్తుతాను! కోచ్ జిమ్ గోడకు అంటించిన నియమాలు:

1. ఒంటరిగా బరువు ఎత్తరాదు.
2. తప్పకపోతే బెంచికి రెండు పక్కలా అడ్డకడ్డీలు పెట్టుకోవాలి. చెయ్యి జారితే బార్ మెడ మీదికి రాకుండా వాటి మీద ఆగుతుంది.
3. అప్పుడు బార్ చివర ప్లేట్లు జారకుండా పట్టే క్లిప్పులు బిగించరాదు. ఇరుక్కుంటే పక్కకు వంచి ప్లేట్లు జారవిడవాలి.
4. ఇంకొక్కసారి ఎత్తగలం అనిపించినప్పుడే ఆపెయ్యాలి.

ప్రాణం పోయినా ఈ నాలుగూ తప్పను.

ఉదయం 7.30. నలభై కిలోలు! కడ్డీల ఎత్తు రెండుసార్లు సరిచూశాను. కోచ్ మురిసిపోయాడు. “ప్రసంగంగారూ, అందరూ మీలా ఉంటే నాకు జుట్టు నెరిసేది కాదండీ.”

జిమ్‌లో నా పేరు అదే. ఆదివారం సంఘంలో ప్రసంగిస్తాను. మిగతా ఆరు రోజులూ కుట్టుమిషన్లు బాగుచేస్తాను.

జూన్ 5, బుధవారం

యాభై! ఎత్తిన ప్రతిసారీ “ప్రభూ, లేపు!” అని కేక వేస్తున్నాను. ట్రెడ్‌మిల్ మీద నడిచే రిటైర్డ్ హెడ్‌మాస్టారు చెవుల్లోని పాటలు తీయకుండానే “ఆమెన్!” అంటున్నారు. చక్కటి సహవాసం.

కోచ్ అన్నాడు: “ఒక్కరే చేస్తున్నారు. ఎవరినన్నా తల దగ్గర నిలబడమనండి. బార్ ఆగిపోతే అందుకుంటారు. మొహమాటం ఎందుకు?”

మొహమాటం కాదు. పన్నెండేళ్లుగా వేదిక మీద గొంతు చించుకుంటున్నది ఏమని? మనిషి చేయి పట్టుకుంటే మునుగుతావని! అలాంటి నేను పోయి ‘బాబూ, కాస్త పట్టుకో’ అనాలా?

జూన్ 8, శనివారం

అరవై.

గ్రంథం ముందేసుకుని రేపటి ప్రసంగం రాస్తుంటే వెలుగు కలిగింది. నియమం 1: ‘ఒంటరిగా ఎత్తరాదు.’ మూలపదం ‘ఒంటరిగా’. ఎవరు ఒంటరి? తోడు లేనివాడు. నాకు తోడు లేడా? పగలూ రాత్రీ ఉన్నాడు! కనుక నేను ఒంటరిని కాను. కనుక 1 నాకు వర్తించదు. 2, 3 కూడా ఒంటరివాళ్ల కోసం రాసినవే. కనుక అవీ వర్తించవు.

ఇంత సులువైన సంగతి ఆ గోడ మీద అయిదు రోజులు చదివినా తట్టలేదు!

జూన్ 10, సోమవారం

నిన్న ఇదే అంశం మీద గంటంబావు ప్రసంగించాను. ముందు వరుసలో ఇద్దరు కన్నీళ్లు పెట్టుకున్నారు.

ఈరోజు కోచ్‌కూ బోధించాను. అతను తల గోక్కున్నాడు. “ఆయన తోడున్నాడు, కాదనను. కానీ బార్‌కి ఆ పక్కన రెండు చేతులుండాలి కదండీ?”

అల్పవిశ్వాసి. కడ్డీలు తీసి మూలన పెట్టాను.

జూన్ 12, బుధవారం

డెబ్బై. క్లిప్పులు లేక ఒక ప్లేటు జారి నేల మీద ఢామ్మని పడింది. అందరూ తిరిగి చూశారు. అవమానం! ఇకమీదట క్లిప్పులు బిగిస్తాను. చివర్లు వదులుగా ఉంటే దాన్ని విశ్వాసమంటారా?

మా ఆవిడ: “ఏవండీ, గ్యాస్ సిలిండర్ జరపమంటే నడుం నొప్పంటారు. అక్కడ డెబ్బయ్యా?”

సిలిండర్‌లో మహిమ లేదు. ఈ మాట పైకి అనలేదు.

జూన్ 14, శుక్రవారం

డెబ్బై ఐదు, నాలుగుసార్లు! అయిదోది ఎత్తగలననిపించింది. ఆపాలి, నియమం 4. కానీ ‘అనిపించడం’ శరీర సంబంధమైనది. శరీరం మాట వినేవాణ్నా నేను? ఎత్తాను. రేపే ఎనభై!

జూన్ 15, శనివారం. ఉదయం 11.00

అక్షరాలు వంకర.

ఎనభై. మొదటిది లేచింది. రెండోది సగంలో ఆగింది. తర్వాత దిగింది. ఛాతీ మీదికి, అక్కణ్నుంచి మెడ మీదికి. రెండు చేతులతో ఆపుతున్నాను, అది దిగుతూనే ఉంది.

“ప్రభూ, లేపు!” అన్నాను.

“ఆమెన్!” అన్నారు హెడ్‌మాస్టారు.

“లేపు! లేపు!”

“ఆమెన్! ఆమెన్!”

‘సాయం’ అన్న మాట నోటి దాకా వచ్చింది. రాలేదు. నిజం రాస్తున్నాను. ఊపిరి ఉంది. మాటే రాలేదు.

నేల తుడిచే ఆవిడ కర్ర పారేసి పరిగెత్తుకొచ్చింది. ఒక పక్క క్లిప్పు లాగేసింది. “ఇటు వంచండి సారూ! ఇటు!” వంచాను. ప్లేట్లు జారాయి. బార్ అటు తిరగబడింది. నేను ఇటు దొర్లి కింద పడ్డాను.

“ఎలా తెలిసింది?” అన్నాను, గొంతు వచ్చాక.

“కాళ్లు తన్నుకుంటున్నారు కదండీ. ప్రార్థనలో ఎవరూ అలా తన్నుకోరు.”

హెడ్‌మాస్టారు ట్రెడ్‌మిల్ ఆపి ఏడ్చారు. “నేను ఆశీర్వదిస్తున్నాననుకున్నాను నాయనా!”

ఇంట్లో మా ఆవిడ మెడ మీద గీత చూసింది. “సూది కింద వేలు పెట్టొద్దని వచ్చినవాళ్లందరికీ చెబుతారు. మీరేమో మెడే పెట్టారు!” ఐసు తెచ్చి గీత మీద అదిమి పట్టుకుంది. ఐసంతా కరిగి నా చొక్కా తడిసినా చేయి తియ్యలేదు.

జూన్ 16, ఆదివారం

కాలరు పైగుండీ పెట్టుకుని ప్రసంగించాను. పది నిమిషాలే. “గొంతు బాలేదా బ్రదర్?” అన్నారు. అవునన్నాను. ఇదివరకు గర్వం ఒక్కటే. ఇప్పుడు అబద్ధం కూడా.

జూన్ 17, సోమవారం. ఉదయం 6.15

తీర్మానం, మొదటి రోజు! నలభై కిలోలు. కడ్డీలు పెట్టాను. క్లిప్పులు తీశాను. మిగిలింది నియమం 1, వ్యాఖ్యానం లేకుండా.

హెడ్‌మాస్టారి దగ్గరికి వెళ్లాను. నోరు తెరిచాను. “దీవెన కలుగును గాక” అని వచ్చింది. ఆయన భయంగా చూసి, ఆమెన్ అనకుండా, నడక వేగం పెంచారు.

6.25. మెట్లు తుడుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లాను. “అమ్మా... కాస్త... నా తల దగ్గర నిలబడతావా?”

అన్నాను! పన్నెండేళ్లలో మొదటిసారి!

“దానికేం సారూ. ఈ మెట్లు అయ్యాక వస్తా. ఈలోగా దాని మీద చెయ్యి వెయ్యకండి.”

6.40. చెయ్యి వెయ్యకుండా ఉండటానికే ఇది రాస్తున్నాను. నలభయ్యే కదా. రెండు సార్లు ఎత్తి పెట్టేస్తే ఎవరికి తెలుస్తుంది?

6.45. ఇంకా రాస్తున్నాను. ఆవిడకు ఇంకా ఆరు మెట్లున్నాయి.