అత్త పోసిన కషాయం

బుధవారం, తిరుత్తణి

మూడు నెలలుగా పొద్దున్నే అత్త పోస్తున్న నిలవేంబు, అదే నేలవేము కషాయం ఈరోజుతో ఆగింది. ఆ చేదు పీడ వదిలినందుకైనా నాకొచ్చిన ఈ లూపస్ జబ్బుకి ఒక దండం పెట్టాలి.

తిరువళ్ళూరు డాక్టరమ్మ ఓపిగ్గానే చెప్పింది. రోగాలతో పోరాడే శక్తికి నా ఒంట్లో తక్కువేం లేదట. బయటి క్రిమి ఏదో, సొంత ఒళ్ళు ఏదో తెలియక అది నా కీళ్ళనీ చర్మాన్నీ కొడుతోందట. మాత్రలు దాన్ని కాస్త అణచడానికే. కిడ్నీల జోలికి పోయిందేమో చూడాలని పరీక్ష కూడా రాసింది.

"శక్తి పెరగాలని నేను దినామూ కషాయం పోస్తా ఉండాను డాక్టరమ్మా," అంది అత్త గర్వంగా.

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "ముందు అది నిలిపేయండి."

తిరుగు రైల్లో తిరువాలంగాడు దాటాక అత్త నా పక్కకి జరిగి కూర్చుంది. తర్వాత మెల్లగా అడిగింది. "అంటే ఇన్ని దినాలూ నిన్ను కొట్టేవాళ్ళకే బలం పోసినానా మే?"

నవ్వు ఆపుకోవడానికి కిటికీ వైపు తిరిగాను.

భోజనాలయ్యాక తనే మాత్రా నీళ్ళూ తెచ్చింది. "సొంత ఒంటినే గుర్తుపట్టకపోతే అదేం శక్తి అత్తా," అన్నాను.

"నిన్ను మా ఇంటి మనిషని ఒప్పుకునేదానికి నాకే ఆరేండ్లు పట్టింది గదా. మింగు."

మింగాను. కిడ్నీ రిపోర్టు శుక్రవారం వస్తుంది. ఆ ఆరేళ్ళు ఎలా గడిచాయో నాకు తెలుసు. నా ఒంటికి అత్త కన్నా తొందరగా బుద్ధి వస్తే బాగుండు...