అసలు పాయింటు

చిరంజీవి అమ్మాయికి నాన్న దీవించి రాయించేది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, అల్లుడుగారు, పాపాయి క్షేమమని తలుస్తాను. పోయినసారి నా రాత కోళ్లు కెలికినట్టుందని, ఒక వరస మీద ఇంకో వరస ఎక్కిందని రాశావు కదా. అందుకని ఈసారి నేను చెబుతుంటే మీ అమ్మ రాస్తోంది. సొంత మాటలు కలపనని ఒప్పుకున్నాకే కలం చేతికిచ్చాను.

నువ్వడిగిన వాటికి జవాబులు. పాపాయి కోసం నీ గది ఖాళీ చేశాం. మీ అమ్మ మోకాలు నొప్పి ఎప్పటిలాగే ఉంది, నోరు కూడా. ఇక కారు సంగతి. వచ్చే నెల నేనే వచ్చి నిన్నూ పాపాయినీ అందులో తీసుకురావాలని పంతం పట్టావు. పాయింట్ల బదులు అల్లుడుగారు పెట్టించమన్న ఎలక్ట్రానిక్ కిట్టు మంచిదే కావచ్చు. కానీ దారిలో అది పోతే చేతులు కట్టుకుని కూర్చోవడమే. పాత పాయింట్లయితే గీకి, తుడిచి ఎలాగో ఇల్లు చేరవచ్చు. పాయింట్లంటే ఎదురెదురుగా ఉండే రెండు చిన్న లోహపు బొత్తాలు. అవి విడిపోయినప్పుడల్లా ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది. మనవి అరిగిపోయాయి. పొద్దున్నే ఎంత తిప్పినా కారు దగ్గి ఊరుకునేది.

అసలు సరుకు దొరకడం గగనమైపోయింది. డబ్బాలన్నీ కంపెనీవే, లోపలిది ఎవరిదో. మొదటి కొట్టులో కొన్నవాటి స్ప్రింగు వారం తిరక్కుండానే వాలిపోయింది. రెండో కొట్టాయన మన కారు పేరు వినగానే, ఇంకా బతికే ఉందా అని పరామర్శించాడు. ఇక అసలు పాయింటుకు రండి అంటోంది మీ అమ్మ. వస్తున్నాను.

చివరికి బస్టాండు వెనక సందులో ఒక పాత సామాన్ల కొట్టు దొరికింది. కొట్టతను పాయింట్లు చేతిలో పెట్టగానే వెలుతురుకు ఎత్తి చూశాను. బొత్తాలు వంకరగా కలుస్తున్నాయి, ఇది డూప్లికేటు, నా కళ్లు కప్పలేవు అన్నాను. అతను లోపలికెళ్లి ఇంకో డబ్బా తెచ్చాడు. అందులోదీ ఎత్తి చూసి, సరుకంటే ఇదీ అన్నాను. కొట్టులో అందరికీ వినిపించేలాగే అన్నాను.

అతను నవ్వలేదు. బల్ల దాటి నా పక్కకు వచ్చి మెల్లగా అడిగాడు.

"బాబాయ్ గారూ, ఇందాక మీరు డూప్లికేటన్నది ఇదే. డబ్బా మార్చానంతే. కారు మీరే నడుపుతున్నారా?"

నన్ను ఆటపట్టిద్దామనే మార్చాడట. నేను దాన్ని తలకిందులుగా పట్టుకుని మెచ్చుకోవడం చూసి భయపడ్డాడు.

ఇక్కడ మీ అమ్మ కలం ఆపింది. రాయమన్నాను.

పాయింట్లు నిజంగా అసలువే. మేస్త్రీ బిగించాడు. కారు మొదటి తిప్పుకే అందుకుంది. నేను కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాను. రెండు కళ్లలోనూ చూపు నట్టనడుమ దెబ్బతిందట. మందుతో ఉన్నది నిలబెట్టవచ్చు గానీ పోయింది రాదట. బండి ముట్టుకోవద్దన్నాడు. ఆయన మాట చెవిన పెట్టకుండా ఒకరోజు మీ ఊరి దారిలో కొంత దూరం నడిపి చూశాను. రోడ్డు దాటుతున్న మనిషి నాకు కనిపించలేదు. అతను అరిస్తే బ్రేకు వేశాను. అతనికేమీ కాలేదు. ఆ తర్వాత మళ్లీ తాళంచెవి తీయలేదు.

నువ్వు పుట్టినప్పుడు నిన్ను ఆ కారులోనే ఇంటికి తెచ్చాను. పాపాయిని తేలేను తల్లీ. నాకు చాలా బాధగా ఉంది. అల్లుడుగారిని పంపు, కారు ఆయన తీసుకెళ్లి మిమ్మల్ని అందులో తీసుకొస్తారు.

మీ అమ్మ మళ్లీ ఆగి, "కొన్నాళ్లుగా నాతో మాట్లాడేటప్పుడు మొహం తిప్పుకుంటున్నారు. నా మీద ఏదో మనసులో పెట్టుకున్నారనుకున్నాను" అంది.

మీ అమ్మతో, తిన్నగా చూస్తే నీ మొహం ఉండాల్సిన చోట మసక తప్ప ఏమీ ఉండదు, పక్కకు తిరిగితేనే నువ్వు కనిపిస్తావు అని చెప్పాను. ఇది కూడా రాయమన్నాను.

వెంటనే రాయలేదు. లేచి, నా ఎదురుగా ఉన్న కుర్చీని నా పక్కకు జరుపుకుని కూర్చుంది. ఇప్పుడు రాస్తోంది.

ఇట్లు,
మీ నాన్న
(రాత అమ్మది)