మా ఆయన రాసిన ప్రోగ్రాం

ప్రియమైన శ్రీవారికి,

ఫోన్లో అడిగితే మాట దాటేస్తున్నారని ఉత్తరం రాస్తున్నా. మంచం పట్టిన రోగిని ఎప్పుడు పక్కకి తిప్పాలో నర్సుకి చెప్పే మన కంపెనీ పరుపు ఉంది కదా, దానికి పెట్టుబడి పెట్టడానికి ఒకాయన ముందుకొచ్చాడు. ఆయన లాయరు మాత్రం, "ఇందులో ప్రోగ్రాం ఎవరు రాశారు?" అన్నాడు. "మా ఆయనే, సాయంత్రాలు కూర్చుని" అన్నాను గర్వంగా. "అయితే అది మీ ఆయనది, మీ కంపెనీది కాదు. ఆయన కంపెనీ పేర రాసిస్తేనే మేం ముందుకెళ్లేది" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మొగుడిది పెళ్లానిది కాకుండా పోతుందా? అయినా కాగితం పంపుతున్నా, ఒక్క సంతకం గిలికి పడేయండి.

మీ నర్సమ్మ

ప్రియమైన నర్సమ్మకి,

కాగితం అందింది. ఇక్కడ ఒకటే వాన. గది కారుతోంది, మంచం పక్కన బకెట్టు పెట్టుకుని పడుకుంటున్నా. నీ నడుం నొప్పి ఎలా ఉంది? సంతకం సంగతి చూస్తాను.

నీ నేను

ఏమండీ,

నా నడుం సంగతి తర్వాత. సంతకం ఏది? "మీ ఇద్దరికీ పడట్లేదా?" అని అడిగాడు లాయరు. తల కొట్టేసినట్టయింది. వాటాల్లో మీ పేరు రాయించలేదని కోపమా? సగం రాసేస్తా. పోనీ మొత్తం తీసుకోండి. ఉన్న ఉద్యోగం వదులుకుని ఇందులో దిగాను, వెనక్కి పిలిచేవాళ్లు లేరు. ఈ వారం దాటితే పెట్టుబడాయన వెళ్లిపోతాడు. కాళ్లు పట్టుకోమంటే పట్టుకుంటా, అవునో కాదో చెప్పండి.

మీ నర్సమ్మ

ప్రియమైన నర్సమ్మకి,

కోపం కాదే, భయం. నీ కాగితం చూశాకే నా ఉద్యోగ ఒప్పందం తీసి చదివాను. ఇక్కడ పనిచేసినన్నాళ్లూ నేను ఎక్కడ కూర్చుని ఏ ప్రోగ్రాం రాసినా అది మా కంపెనీవాళ్లదేనట. నాది కానిదాన్ని నీకెలా రాసివ్వను? రాసిస్తే రేపు కోర్టు మెట్లెక్కేది నువ్వు. వీళ్లనే బతిమాలాను. "ఇంటావిడకి సాయం చేశానండీ, వదిలేయండి" అన్నాను. "వదలం. వాడటం ఆపమనండి" అన్నారు. రాజీనామా మొహాన కొట్టాను. శనివారం బండికి వచ్చేస్తున్నా. ఇద్దరం కూర్చుని మొదటినుంచీ రాద్దాం.

నీ నేను

ప్రియమైన మీకు,

రాకండి.

మీ ఉత్తరం పట్టుకుని లాయరు దగ్గరికి పరుగెత్తాను. పాత ప్రోగ్రాం మొహం చూడనివాళ్లు కొత్తగా రాస్తేనే అది మనదవుతుందట. మీరు పక్కనుంటే చాలు, పాతదే అటూ ఇటూ మార్చారని మీ కంపెనీవాళ్లు కేసు పెడతారట. మన కంపెనీ అంటే ఇంట్లో ముందుగదే కదండీ, కొత్త ప్రోగ్రాం రాయడానికి పెట్టుకున్న అమ్మాయి కూర్చునేదీ అక్కడే. వేరే గది తీసుకునే స్తోమత లేదు. మీరు గడపలో అడుగుపెడితే అంతా పోతుంది. పెట్టుబడాయన కొత్తది తయారయ్యేదాకా ఆగుతానన్నాడు. ఎప్పటికవుతుందో ఆ అమ్మాయికే తెలీదు.

నాకోసం ఉద్యోగం వదులుకున్న మనిషిని రావద్దనడానికి చేతులు రావట్లేదు. ఏడుస్తూనే రాస్తున్నా. కొన్నాళ్లు మీ తమ్ముడింట్లో ఉండండి. టికెట్టు రద్దు చేసుకోండి.

మీ నర్సమ్మ