పుట్టగొడుగులు కనిపించడం లేదు

2011 సెప్టెంబర్ 16, శుక్రవారం. జనగామ

కాలేజీ గేటుకు తాళం పడింది. సకల జనుల సమ్మె మా దాకా వచ్చింది. లెక్చరర్లంతా చౌరస్తాలో టెంటు కింద కూర్చున్నారు. నేనూ వెళ్లాను. కంప్యూటర్స్ చెప్పే సోమనర్సయ్య గారు లేచి తన కుర్చీ నాకిచ్చారు. నినాదాలు మొదలయ్యాక నోరు తెరవాలో మూసుకోవాలో తెలియలేదు. నేను ఆంధ్రలోని రేపల్లె నుంచి వచ్చినదాన్ని. జై తెలంగాణ అంటే నటిస్తున్నాననుకుంటారు. అనకపోతే ఇంకోటి అనుకుంటారు. మంచినీళ్లు తాగి వచ్చేశాను.

సెప్టెంబర్ 17

ఈ రోజు ఎవరితోనూ మాట్లాడలేదు.

సెప్టెంబర్ 19, సాయంత్రం

బస్సులు కూడా ఆగాయి. మెస్ మూసేశారు. ఉప్మా.

పూజ ఫోన్ చేసింది. పోయినేడు నా దగ్గర బీఎస్సీ ముగించిన పిల్ల. గూడూరు పక్కన తండా వాళ్లది. పుణెలో ఒక పరిశోధన సంస్థ ఆమెను ఇంటర్వ్యూకు పిలిచింది. స్టైపెండ్ ఇచ్చి రెండేళ్లు చదివిస్తారు. ఇంటర్వ్యూ వచ్చే సోమవారం. శని, ఆదివారాలు రైలు రోకో. ఎట్ల పోవాలె మేడం అని అడిగింది.

సంస్థకు మెయిల్ రాశాం. గంటలో జవాబు. వీడియో మీటింగ్‌లో మాట్లాడవచ్చట, కానీ స్లైడ్లు స్క్రీన్ షేర్ చేసి చూపించాలట.

గూడూరు అడవి అంచున వానల తర్వాత మొలిచే పుట్టగొడుగుల మీద ఆమె ప్రాజెక్టు. ఫొటోలు లేకపోతే చెప్పడానికేముంది?

సెప్టెంబర్ 20

మొదటి రిహార్సల్. పూజ లాప్‌టాప్‌కు డేటాకార్డు పెట్టుకుని గూడూరులో బంధువుల డాబా మీద కూర్చుంది, సిగ్నల్ కోసం. మాట వినిపించింది. మొహం కూడా కనిపించింది, కాస్త ముక్కలు ముక్కలుగా. షేర్ నొక్కగానే నా వైపు అంతా నలుపు.

కనబడ్తుందా మేడం అంటుంది. లేదమ్మా అంటాను. ఇప్పుడు? లేదు. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాం. నలుపే. ఆమె ఒక్కో స్లైడు గురించి ఇంగ్లీషులో చెబుతూ పోయింది. నేను నల్ల పెట్టె చూస్తూ విన్నాను. చాలా బాగా చెప్పింది.

చెప్పడం అయ్యాక సమ్మె కబుర్లు. వాళ్లన్న కుమార్ భూపాలపల్లి బొగ్గు గనిలో పనిచేస్తాడు. అతనూ సమ్మెలోనే ఉన్నాడట. తిన్నరా మేడం అని అడిగింది. ఆ మాట నన్నెవరన్నా అడిగి ఎన్నాళ్లయిందో.

సెప్టెంబర్ 21

సిగ్గు విడిచి టెంటుకు వెళ్లి సోమనర్సయ్య గారిని పక్కకు పిలిచాను. ఇది క్లాసు చెప్పినట్టే అవుతుంది, సమ్మెకు ద్రోహం అంటారేమోనని నా భయం. అంతా విని గడ్డం గోక్కున్నారు. సాయంత్రం మా గది దాకా వచ్చారు. గడప దాటలేదు.

“మేడం, నేను సమ్మెల ఉన్న. కంప్యూటర్ ముట్ట. ఈడ నిలబడి మాట్లాడ్త. మీరు వినుండ్రి, వినకపోండ్రి.”

ఫోన్ స్పీకర్‌లో పూజ, గడపలో ఆయన, మధ్యలో నేను. పూజను తన లాప్‌టాప్ తెర సెట్టింగుల్లోకి వెళ్లి గ్రాఫిక్స్ యాక్సిలరేషన్ తగ్గించమన్నారు. లాప్‌టాప్ ఆపి మళ్లీ వేయమన్నారు. వేసింది. షేర్ నొక్కింది.

నలుపు పోయింది. తెల్లటి పుట్టగొడుగు, దాని పక్కన పరిమాణం తెలిసేలా చాపి పెట్టిన ఒక పెద్ద అరచెయ్యి. మా నాయిన చెయ్యి మేడం అంది. వాళ్ల నాన్న దేవ్యా.

సోమనర్సయ్య గారు గడపలోంచే మెడ చాచి చూశారు. “మస్తుగున్నది” అన్నారు. టీ తాగమంటే, తాగితే లోపలికి రావాల్సి వస్తుందని వెళ్లిపోయారు.

సెప్టెంబర్ 22

ఇంకో తంటా. స్లైడ్ షో నడుస్తోందని ఆమె అంటుంది, నాకు మొదటి స్లైడే. ఆమె ఏడో స్లైడులో ఉంటే నేనింకా పేరు దగ్గరే ఉన్నాను. ప్రోగ్రాం విండో ఒక్కటే షేర్ చేస్తోంది. షో ఇంకో విండోలో తెరుచుకుంటోంది. మొత్తం డెస్క్‌టాప్ షేర్ చేయమన్నాను. కదిలింది, కానీ నత్తలా. ఫొటోలు మరీ పెద్దవి. ఫైలు నాకు పంపమని చెప్పి, కూర్చుని ఫొటోలన్నీ చిన్నవి చేసి తిరిగి పంపాను.

సెప్టెంబర్ 23

అన్నీ సరిగ్గా వచ్చాయి. మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగలేదు.

నిజం రాయాలి. ఏదో ఒకటి ఆగితే బాగుండునని కూర్చున్నాను. రేపు మళ్లీ ఫోన్ చేయడానికి ఆమెకు కారణం ఉండేది.

సెప్టెంబర్ 25, ఆదివారం

రైళ్లు లేవు. స్టేషన్ వైపు నుంచి డప్పుల చప్పుడు. కరెంటు పొద్దున పోయింది, ఇంకా రాలేదు. సోమనర్సయ్య గారు స్కూటర్ మీద వాళ్లింటి ఇన్వర్టర్, బ్యాటరీ కట్టుకొచ్చారు. ఈసారి లోపలికొచ్చి తగిలించారు. సమ్మె కదా అన్నాను. “క్లాసు అయితే తప్పు. గిది మీటింగ్ గద మేడం. మీటింగులు మేం గూడ రోజు పెట్టుకుంటనే ఉన్నం.”

నవ్వాను. గదిలో నా నవ్వు నాకే పెద్దగా వినిపించింది.

సెప్టెంబర్ 26

వరసగా రాస్తాను.

ఏదన్నా తేడా వస్తే సాయపడతానని సంస్థను అడిగి నేనూ మీటింగ్‌లో చేరాను. అవతల ముగ్గురు. పూజ వచ్చింది, నమస్కారం పెట్టింది, షేర్ చేసింది. రెండో స్లైడు దగ్గర మాయమైంది. మొహం లేదు, మాట లేదు, బొమ్మ లేదు.

వెంటనే ఫోన్. గూడూరులో కరెంటు పోయింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, వైరు మీదే నడుస్తుంది. ఏడుస్తోంది, ఆ ఏడుపులోనే నవ్వుతోంది. “బొగ్గు తీయకపోతే కరెంట్ ఎట్లొస్తది మేడం? మా అన్ననే తీస్తలేడు.”

ఏడవకు, ఫోన్ పెట్టేయకు అన్నాను. ఆమె ఫైలు నా దగ్గరుంది. ప్యానెల్‌కు సంగతి చెప్పి, అనుమతి అడిగి, నా స్క్రీన్ షేర్ చేశాను. మొత్తం డెస్క్‌టాప్. మొబైల్ స్పీకర్‌లో పెట్టి మైకు దగ్గర పట్టుకున్నాను. కనిపిస్తోందా అని అడిగాను. కనిపిస్తోందన్నారు.

పూజకు ఏమీ కనిపించదు. చీకటి గదిలో ఉన్నట్టే. అయినా ఏ స్లైడులో ఏముందో తడుముకోకుండా చెప్పింది. నెక్స్ట్ అన్నప్పుడల్లా నేను మీట నొక్కాను. ఫోన్ పట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కింది. మార్చుకుంటే మాట పోతుందేమోనని మార్చుకోలేదు. ప్యానెల్‌లో ఒకావిడ ఆ చెయ్యి ఎవరిదని అడిగింది. మై ఫాదర్స్, మేడమ్. హీ ఫౌండ్ ఇట్ ఫస్ట్. ఇంట్లో ఈ పుట్టగొడుగును ఏమంటారని అడిగితే తండా భాషలో చెప్పింది. మూడేళ్లు నా క్లాసులో కూర్చుంది. ఆ భాష ఆమె నోట నేను వినడం ఇదే మొదలు. నేనెప్పుడూ అడగలేదు మరి.

థాంక్యూ చెప్పి వాళ్లు వెళ్లిపోయారు. అప్పుడు ఫోన్ రెండో చేతిలోకి మార్చుకున్నాను.

సెప్టెంబర్ 27

కింద వీధిలో బతుకమ్మ ఆడుతున్నారు. బాల్కనీలో లైటు వేయకుండా నిలబడి చూశాను.

అక్టోబర్ 3

పూజకు సీటు వచ్చింది! ఫోన్‌లో వాళ్ల తండా అంతా మాట్లాడింది నాతో. సోమనర్సయ్య గారికి చెబుదామని టెంటుకు పరుగెత్తాను. ఆయన మైకులో అందరికీ చెప్పారు. చప్పట్లు. ఎవరో నా చేతిలో బెల్లం ముక్క పెట్టారు.

ఇంటికొచ్చి తలుపేసుకున్నాక, ఇక ఆ పిల్ల రోజూ ఫోన్ చేయదు కదా అనిపించింది. ఛీ అనుకున్నాను. అయినా అనిపించింది.

అక్టోబర్ 24

సమ్మె ఆగిందట. రేపటి నుంచి క్లాసులు.

అక్టోబర్ 30

పూజ వెళ్లే రైలు జనగామలో ఆగుతుందని ప్లాట్‌ఫాం మీదికి వెళ్లాను. తలుపు దగ్గరే నిలబడి ఉంది. వెనక సూట్‌కేసు పట్టుకుని దేవ్యా గారు. చూడటం ఇదే మొదటిసారి. కానీ ఆ చేతిని ఎక్కడున్నా గుర్తుపడతాను. “నా కంటె ముందే నా చెయ్యి పుణె పోయొచ్చిందట గద మేడం” అన్నాడాయన. పూజ దిగి నా కాళ్లు మొక్కబోతే రైలు కదిలింది. భుజం తట్టి లోపలికి తోశాను.

ఎండ బాగా ఉంది. నడిచి వచ్చాను.

నవంబర్ 8

పొద్దున పాలు పోసే సాలమ్మ తలుపు కొట్టింది. లోపలి నుంచే “జర ఆగు, వస్తున్న” అన్నాను. తలుపు తీసేసరికి నా భుజం మీదుగా గదిలోకి తొంగిచూస్తోంది. సుట్టాలొచ్చిన్రా మేడం, ఎవరిదో గొంతు ఇనబడ్డది అని అడిగింది.

ఎవరూ రాలేదు. జర ఆగు అన్నది నేనే.