బుజ్జిగాడి సూదులు, మెడబిళ్ళ

ఫిబ్రవరి 9, సోమవారం

కొడుకునడిగితే కాలినొప్పి తగ్గిందన్నాడు. కోడలి దగ్గు అలాగే ఉంది. మనవరాలు లచ్చిమికి జొరం లేదు. కొత్తగా తెచ్చిన కుక్కపిల్ల బుజ్జిగాడు నా కొంగు నమిలీసేడు, అంటే బాగానే ఉన్నాడు.

వాడికి రోగాలు రాకుండా ఏయించే సూదులు, గుర్తుబిళ్ళ ఖర్చు నేనే పెట్టుకుంటే ఉంచుతానన్నాడు కొడుకు. లేకపోతే కొండకర్లలో ఇచ్చినోళ్ళకే ఇచ్చీమన్నాడు. పింఛన్లో నా మందులకి పోగా పన్నెండొందలు మిగిలింది. రెండు సూదులకి వెయ్యి, బిళ్ళకి నూటయాభై, చెవి కుట్టడానికి మూడొందలు. ఎలా లెక్కేసినా సాల్లేదు.

సాయంత్రం లచ్చిమికి సెప్పుకున్నాను.

"చెవి కుట్టడమేటి మామ్మా, వాడికి పెళ్ళా?" అని పడీపడీ నవ్వింది.

"మన పెయ్యకి చెవికే పచ్చబిళ్ళ కుట్టేరు కదే?"

"అది ఆవు కదా. కుక్కకి మెడపట్టీకి కడతారు. దానిమీద మన ఫోను నంబరుంటాది."

అంటే ఆ మూడొందలూ అక్కర్లేదు. పైగా యాభై మిగులుతాది. బుజ్జిగాడు మా ఇంట్లోనే ఉంటాడు. నాకు కాలు నిలవట్లేదు. మరి సూదేసేక వాడికి జొరమొత్తేనో... ఏడిత్తే నేను సూడగలనా...

సంచీ సర్దీసేను. పశువుల డాక్టరుగారు రమ్మన్నది గురువారం, పన్నెండో తారీకు, పొద్దున్న తొమ్మిదికి.